సూర్యలంక దారిలో నాలుగు గడపలు

అల్లుడూ,

సంక్రాంతికి వస్తున్నావని అక్కయ్య చెప్పింది. మీ బ్యాచ్ పిల్లలంతా కలిసి సూర్యలంక బీచిలో రిసార్టు మాట్లాడారనీ, టీషర్టుల రంగు దగ్గర వాట్సాప్ గ్రూపులో ఇంకా కొట్టుకుంటున్నారనీ కూడా చెప్పింది. మంచిదే. కలిసి చదువుకున్నవాళ్ళు కలుసుకోకపోతే ఇంకెవరు కలుసుకుంటారు? కాకపోతే అమెరికా వెళ్ళాక ఇదే మొదటి రాక. చేతిలో ఉన్నది రెండు వారాల సెలవు. అందులో పండగ మూడు రోజులు, ప్రయాణాల బడలిక రెండు రోజులు ఎలాగూ పోతాయి. మిగిలిన రోజులు ఎవరికివ్వాలన్నది ఇప్పుడే తేల్చుకోకపోతే ఇక్కడికొచ్చాక ఎవరు గట్టిగా లాగితే అటే పోతాయి. అందుకే పెద్దవాడిగా ఒక్క మాట చెబుతున్నాను. సూర్యలంకకు రాగలిగినవాళ్ళను ఆఖర్న కలువు. రాలేనివాళ్ళ గడప ముందు తొక్కు.

రాలేనివాళ్ళలో మొదటివాళ్ళు రేపల్లెలో మీ అమ్మానాన్నలే. ఈపాటికి అరిసెలకు పిండి ఎవరు కొట్టిపెడతారో, పాకం పట్టే చెయ్యి ఎవరిదో మీ అమ్మ మాట్లాడేసుకుంది. నువ్వు దిగిన రెండో రోజే బండేసుకుని ఊరిమీద పడితే ఆవిడ నిన్నేమీ అనదు. ‘వాడికీ స్నేహితులుంటారు కదమ్మా’ అని పక్కింటివాళ్ళకు తానే సర్దిచెబుతుంది. కిందటి పండక్కి ఒకావిడ, తన కొడుకు అలా వెళితే, ఇలాగే సర్దిచెబుతుంటే విన్నాను. ఆ గొంతు మా అక్కయ్య నోట వినాలని నాకు లేదు. కనీసం మొదటి మూడు రోజులు ఇల్లు కదలకు. నీ ఆఫీసు ముచ్చట్లు మొదటి పూటకే అయిపోతాయి. తర్వాత వాళ్ళను మాట్లాడనివ్వు.

మీ నాన్న మంచం పక్కన అలమరలో బీపీ మాత్రల అట్ట ఉంటుంది, తీసి చూడు. కొన్ని గుంటల్లో సగం ముక్కలు కనిపిస్తాయి. డాక్టరు రోజుకొకటి వేసుకోమంటే ఈయన విరిచి సగం వేసుకుంటున్నాడు. డబ్బుకు ఇబ్బందేమీ లేదు, నువ్వు పంపుతూనే ఉన్నావు. మాత్రకు ఒళ్ళు అలవాటు పడుతుందని ఆయన భయం. నేను చెబితే వినడు, బావమరిదిని కదా. నువ్వు కూడా కోప్పడకు. తెనాలిలో ఆయన చూపించుకునే డాక్టరు దగ్గరికి వెంటపెట్టుకెళ్ళి, ఆ సంగతి డాక్టరు నోటనే చెప్పించు. బ్యాంకులో కేవైసీ కాగితాలేవో అడుగుతున్నారట, అదీ పూర్తి చేయించు. నువ్వు తెచ్చే వాచీ కన్నా ఈ రెండు పనులూ ఆయనకు ఎక్కువ.

రెండో గడప బాపట్లలో. మీ సార్లది. నువ్వు చదివిన బాపట్ల వ్యవసాయ కళాశాలలోనే నేనూ చదివాను కాబట్టి ఈ విషయంలో కాస్త చనువు తీసుకుంటాను. 1945లో పెట్టిన కాలేజీ అది. ఉమ్మడి మద్రాసు రోజుల్లో వ్యవసాయ డిగ్రీ చదవాలంటే కోయంబత్తూరు పోవాల్సిన తెలుగు పిల్లలకు ఇంటి దగ్గర చదువు దొరికింది అక్కడే. ఇవాళ సన్నబియ్యం అనగానే నోటికొచ్చే సాంబ మసూరి, రైతులు బీపీటీ అని పిలుచుకునే 5204 రకం, 1986లో బాపట్ల నుంచే విడుదలైంది. ఒక వరి రకం బయటికి రావాలంటే సంకరం చేసి, తరం తర్వాత తరం వేసి, మడిలో ఒక్కో దుబ్బూ చూసుకుంటూ ఏళ్ళకేళ్ళు తిరగాలి. తినేవాళ్ళలో నూటికి తొంభైమందికి దాని వెనక ఎవరున్నారో తెలియదు. మన సార్ల బతుకులు అలాంటివి. పిల్లల సంగతీ అంతే. పాఠం చెప్పి వదిలేస్తారు, అది ఎక్కడ ఫలించిందో కబురు రాదు. ఆ కబురు మోసుకెళ్ళడమే నీ పని.

ఎలా వెళ్ళాలో కూడా చెబుతాను విను. ముందురోజు ఫోన్ చెయ్యి. మధ్యాహ్నం నిద్రవేళ కాకుండా సాయంత్రం ఐదు దాటాక వెళ్ళు. గుమ్మంలోనే ‘నన్ను గుర్తుపట్టారా సార్’ అని అడగొద్దు. వందలమందికి చెప్పిన మనిషి, వయసు మీదపడిన మనిషి. గుర్తుకు రాకపోతే నొచ్చుకునేది ఆయన. నీ పేరు, బ్యాచ్, ఊరు, ఆయన దగ్గర చేసిన ప్రాక్టికల్ నువ్వే గడగడా చెప్పెయ్. ఆ తర్వాత గుర్తొచ్చిందనడం ఆయన ఇష్టం. స్వీటు డబ్బా తీసుకెళ్ళకు. ఆ వయసులో చాలా ఇళ్ళలో షుగరు ఉంటుంది. నాలుగు పళ్ళు చాలు.

మీ ఎంటమాలజీ సారు నీ పురుగుల పెట్టె వెనక్కి కొట్టారని అప్పట్లో నాతో మొత్తుకున్నావు. సూది గుచ్చిన పురుగు కింద చీటీలో పట్టుకున్న తేదీ, ఊరు, ఏ పైరు మీద దొరికిందో రాయలేదని మొత్తం మళ్ళీ రాయించారు. రాత్రంతా హాస్టల్లో కూర్చుని చీటీలు రాశావు. ఇప్పుడు నీ ల్యాబులో ఏ శాంపిలునూ తేదీ, చోటు, చేతిరాత సంతకం లేకుండా ఫ్రిజ్‌లో పెట్టనివ్వనని మొన్న గొప్పగా చెప్పావు చూడు, ఆ మాట నాకు చెప్పి ఏం లాభం? ఆయనకు చెప్పు. ‘మీరు గొప్ప గురువులు సార్’ అంటే ఆయన మొహమాటంగా నవ్వి ఊరుకుంటారు. ఈ చీటీల సంగతి చెబితే లోపలున్న ఆవిణ్ణి కేకేసి మళ్ళీ చెప్పిస్తారు.

సూర్యలంకలో మీరు గురువులకు సన్మానం కూడా పెట్టుకున్నారట. చెయ్యండి. కానీ పదకొండింటికి రమ్మని ఒంటిగంటకు వేదిక ఎక్కించి, ఒక్కొక్కరికీ శాలువా కప్పి, ఫొటోలయ్యేదాకా ఆకలితో కూర్చోబెట్టే సన్మానాలు నేను చాలా చూశాను. వాళ్ళను ఇంటి దగ్గర కారెక్కించుకునే మనిషి, మళ్ళీ ఇంట్లో దించే మనిషి ఎవరో పేర్లు రాసుకోండి. ముందు భోజనం, తర్వాత మాటలు. వీపు ఆనుకునే కుర్చీ వెయ్యండి. నడవలేక రాని సారుంటే ఆ శాలువా ఇంటికి తీసుకెళ్ళి కప్పండి.

మూడో గడప రైతుది. దీన్ని మాత్రం మీవాళ్ళెవరూ తలచుకోరని నాకు తెలుసు. ఆఖరి ఏడాది రావెప్ అని పల్లెటూళ్ళో ఒక పంటకాలం ఉన్నారు కదా. నీకు అప్పగించిన రైతు తన పొలం నీకు పాఠంగా ఇచ్చాడు. పొలంలో తిప్పాడు, ఇంట్లో అన్నం పెట్టాడు. నువ్వు రాసుకున్న రికార్డులో లెక్కలన్నీ ఆయనవే. మార్కులు నీకొచ్చాయి, డిగ్రీ నీకొచ్చింది. ఆ తర్వాత ఆయన ఊరివైపు వెళ్ళావా? సంక్రాంతి నాటికి మన డెల్టాలో వరి కోతలైపోయి మాగాణుల్లో మినుము, మొక్కజొన్న పచ్చగా ఉంటాయి. గట్టుమీద ఒక గంట నడువు. సలహాలు మొదలుపెట్టకు. ఈ ఏడు ఏం వేశాడు, ఎంత పెట్టాడు, ధాన్యం ఏ ధరకు పోయింది, ఇవి అడుగు. నువ్వు అక్కడ పేపర్లలో చదివే వ్యవసాయానికీ, ఇక్కడి కౌలు లెక్కకూ ఎంత దూరముందో గంటలో తెలుస్తుంది.

తెనాలి నుంచి బాపట్లకు రైల్లో పోతుంటే మధ్యలో నిడుబ్రోలు వస్తుంది. మీ విశ్వవిద్యాలయానికి ఎవరి పేరు పెట్టారో ఆ ఆచార్య ఎన్.జి. రంగా ఊరది. ఆయన ఆక్స్‌ఫర్డ్‌లో చదివొచ్చాడు, మద్రాసులో అర్థశాస్త్రం చెప్పాడు, తర్వాత సొంతూళ్ళో రైతుల కోసం విద్యాలయం పెట్టాడు. నిన్ను ఉద్యోగం మానుకుని వచ్చెయ్యమని నేననను. ఆ పేరున్న పట్టా చేతిలో ఉన్నవాడు రైతు ఇంటికి ఒక పూట వెళ్ళడం పెద్ద త్యాగమేమీ కాదని మాత్రం అంటాను.

నాలుగో గడప, ఇక్కడే ఉండిపోయిన నీ స్నేహితుడిది. మీ బ్యాచ్‌లో గ్రామ వ్యవసాయ సహాయకుడిగా చేరినవాడున్నాడు కదా, నీ రూమ్మేటు. వాడు సూర్యలంకకు వస్తానో రానో అన్నాడట. ధాన్యం కొనుగోళ్ళ రోజులు, సెలవు దొరకడం కష్టం. అది ఒక కారణం. తలా ఇంత అని మీరు వేసిన చందా ఇంకో కారణమేమో ఆలోచించావా? డాలర్లలో సంపాదించేవాళ్ళు గ్రూపులో అంకె పెడితే, దానికి బొటనవేలు పైకెత్తిన బొమ్మ పెట్టలేని వాళ్ళు ‘పనుంది’ అంటారు. వాడి వంతు నువ్వు కట్టు, కట్టినట్టు మూడో మనిషికి తెలియనివ్వకు. పార్టీకి రమ్మని బతిమాలే ముందు వాడు పనిచేసే రైతు సేవా కేంద్రానికే వెళ్ళు. అక్కడ వాడి కుర్చీ పక్కన కూర్చుని వాడి పని చూడు. ‘ఇంకా ఇక్కడే ఉన్నావేంట్రా’ అని మాత్రం నోరు జారకు. జీతమెంతని అడగకు, అమెరికాకు ప్రయత్నించమని చెప్పకు. వచ్చే రైతులు వాణ్ణి ఏమని పిలుస్తున్నారో, ఎన్ని విషయాలకు వాడి మీద ఆధారపడుతున్నారో చూస్తే నీకే అర్థమవుతుంది.

ఇవన్నీ అయ్యాక సూర్యలంక. బాపట్ల నుంచి 9 కిలోమీటర్లు, సరుగుడు తోటలు దాటితే సముద్రం. పాటలు పాడుకోండి, పాత పేర్లతో పిలుచుకోండి, నేను అడ్డు చెప్పను. రెండు విషయాల్లో మాత్రం నా మాట జవదాటొద్దు. మందు తాగినవాణ్ణి నీళ్ళలోకి దిగనివ్వకండి. మోకాలి లోతులోనే అల వెనక్కి పోతున్నప్పుడు కాళ్ళకింద ఇసుక జారిపోతుంది. ఈత వచ్చిన కుర్రాళ్ళు కూడా ఆ తీరంలో పోయారు. సరదాగా వచ్చిన పిల్లల శవాల కోసం తల్లిదండ్రులు ఒడ్డున కూర్చున్న వార్తలు ఈ జిల్లాలో చాలాసార్లు చదివాం. గస్తీ వాళ్ళు వద్దన్న చోట దిగకండి. చీకటి పడ్డాక అసలే వద్దు. రెండోది, తిరుగు ప్రయాణంలో బండి నడిపేవాడు చుక్క ముట్టకూడదు.

టిక్కెట్టు తీసుకునేటప్పుడే ఈ వరస కాగితం మీద రాసిపెట్టుకో. ముందు రేపల్లెలో ఇల్లు. తర్వాత బాపట్లలో సార్లు. ఆ తర్వాత రైతు, రూమ్మేటు. ఆఖర్న సూర్యలంక. మీ ఈడు వాళ్ళు మళ్ళీ ఏడాది కూడా ఉంటారు, రిసార్టూ ఉంటుంది. డెబ్భై దాటిన సార్ల విషయంలో ఆ హామీ ఎవరూ ఇవ్వలేరు. రోజులు చాలవనిపిస్తే రిసార్టులో రెండో రోజు తగ్గించుకో, ఈ నాలుగు గడపల్లో ఏదీ తగ్గించకు.

ఇట్లు
మీ మావయ్య