మూడో తుపాకీ

ఆయుధాల చట్టానికి 2019లో వచ్చిన సవరణ, ఒకరి దగ్గర ఉండదగ్గ తుపాకుల్ని 3 నుంచి 2కి తగ్గించింది. వారసత్వంగా వచ్చినవీ ఈ లెక్కలోవే. మూడోది పోలీస్ స్టేషన్లోనో, లైసెన్సున్న డీలరుకో అప్పగించాల్సిందే.

ఉంచుకున్న రెండింటినీ చూసుకోవడమూ తేలిక కాదు. శ్రీ విజయపురం ఉప్పుగాలికి ఇనుము ఆగదు. నూనెగుడ్డతో గొట్టం తుడవకపోతే తుప్పే. చేతులు వణికే వయసులో ఆ చాకిరీ ఎవరు చేస్తారు?

70 ఏళ్లు నిండినా, తుపాకీ 25 ఏళ్లు మన దగ్గరున్నా, వారసుడి పేరిట మార్చమని అడగొచ్చని 2016 నిబంధనలు చెబుతున్నాయి. వారసుడికీ లైసెన్సు రావాలి సుమా! అసలు వాడికి కావాలో వద్దో ముందు కనుక్కోండి. తాత తుపాకీ అని మురిసిపోయే మనవడు, పోలీసు విచారణ అనగానే మొహం చాటేస్తాడు. అప్పుడిక డీలరుకు అమ్మేయడమే మేలు.