భ్రమరాంబకు మొక్కి, తుమ్మెదను తరిమేస్తామా?



బతుకమ్మకు ఇంకా చాలా రోజులుంది కదా, ఇప్పుడే పూల మాటెందుకు అంటారా? ఎంగిలిపూల బతుకమ్మ భాద్రపద అమావాస్య నాడు వచ్చినా, దానికి గింజ పడాల్సింది తొలకరిలోనే. అందుకే ఇవాళ చెప్తున్నాను.

శ్రీశైలం వెళ్లినవాళ్లు మల్లన్నతో పాటు భ్రమరాంబ అమ్మవారినీ దర్శించుకునే ఉంటారు. భ్రమరం అంటే తుమ్మెద. దేవీ భాగవతంలో అరుణాసురుడి కథ ఉంది. రెండు కాళ్ల ప్రాణి వల్ల గానీ, నాలుగు కాళ్ల ప్రాణి వల్ల గానీ తనకు చావు రాకూడదని వరం పొందాడు. దేవతలందరూ ఓడిపోయారు. అప్పుడు అమ్మవారు ఆరు కాళ్ల తుమ్మెదల్ని పంపింది. వాడి కథ ముగిసింది.

మరి అదే తుమ్మెద మన అపార్ట్‌మెంట్‌కు వస్తే మందు కొట్టిస్తాం! మా కాలనీలో గోడవారగా తంగేడు, గునుగు వేద్దామన్నప్పుడు మీటింగ్‌లో వచ్చిన మొదటి మాట, “తేనెటీగలొస్తాయండీ, పిల్లల్ని కుడతాయి” అని. ఆ భయం న్యాయమైనదే. తేనెపట్టును కదిలిస్తే ప్రమాదమే. కానీ పువ్వు మీద వాలిన తుమ్మెద, మనం దాని జోలికి పోకపోతే, తన పని చూసుకుని వెళ్లిపోతుంది. చివరికి పిల్లలు ఆడుకునే చోటికి దూరంగా వేద్దామని అందరం ఒప్పుకున్నాం.

తంగేడు తెలంగాణ రాష్ట్ర పుష్పం. ఆ పువ్వులో తేనె ఉండదు, పుప్పొడే ఉంటుంది. అది కూడా కేసరాల లోపల దాగి ఉంటుంది. తుమ్మెద వచ్చి పట్టుకుని ఝుమ్మని కదిలిస్తేనే సన్నని రంధ్రం లోంచి రాలుతుంది. అంటే మన చెవికి వినపడే ఆ ఝుంకారమే తంగేడుకు సంతానం!

గీత మూడో అధ్యాయంలో కృష్ణుడు యజ్ఞం గురించి చెబుతూ, తీసుకుని తిరిగి ఇవ్వనివాణ్ణి దొంగ అంటాడు. మనం పూలు కొంటాం, పేరుస్తాం, నీళ్లలో వదులుతాం. తిరిగి ఇచ్చేదేంటి? ఒకప్పుడు ఊరి బయటి బీడులో వాటంతట అవే మళ్లీ మొలిచేవి. ఆ బీడులు ఇప్పుడు ప్లాట్లయ్యాయి. ఇక ఇవ్వాల్సింది మనమే.

ఏం చేయాలంటే, గునుగు గింజలు సన్నగా ఉంటాయి కాబట్టి ఇసుకలో కలిపి చల్లండి. తంగేడు గింజ పెంకు గట్టిది, రాత్రంతా నానబెట్టి నాటండి. పురుగుమందు వద్దు. బాల్కనీ మాత్రమే ఉన్నవాళ్లు రేకబంతి పెట్టండి. తులసి కంకులన్నీ గిల్లేయకుండా కొన్ని ఉంచండి.

భాగవతంలో అవధూత తన 24 మంది గురువుల్లో తేనెటీగను కూడా చెప్పాడు. పువ్వును నొప్పించకుండా ఒక్కోదాని నుంచి కొంచెమే తీసుకోవడం దాని దగ్గరే నేర్చుకున్నాడట. రేపు పూజకు పూలు కోసేటప్పుడు ఆ గురువును తలుచుకుని, కొమ్మకు నాలుగు పూలు వదిలేయండి. అవి కూడా అమ్మవారికే చేరతాయి.

శ్రీమాత్రే నమః.