మూడో పేరు

భారత ఫుట్‌బాల్ బాగా బతికిన రోజుల గురించి ఎవరు మాట్లాడినా మూడు పేర్లు వరసగా వస్తాయి. పి.కె. బెనర్జీ, చునీ గోస్వామి, తులసీదాస్ బలరాం. మొదటి ఇద్దరి పేర్లూ ఫుట్‌బాల్ చూడనివాళ్లు కూడా ఎక్కడో విని ఉంటారు. మూడో పేరు మన సికింద్రాబాద్ మనిషిది. అయినా మనలో చాలామందికి తెలియదు.

బలరాం 1936లో అమ్ముగూడలో పుట్టారు. కంటోన్మెంటు పక్కన, డబ్బుకు కటకటలాడే ఇల్లు. ఆయన ఆట చూసి ముచ్చటపడి శిక్షణకు రమ్మన్నది సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాద్ పోలీసు జట్టుకూ, భారత జట్టుకూ కోచ్. అందరికీ రహీం సాబ్. రమ్మనడం బాగానే ఉంది, రోజూ అమ్ముగూడ నుంచి నగరానికి రావడానికి ఆ కుర్రాడి దగ్గర డబ్బేదీ? సైకిలు అద్దెకు కావలసిన చిల్లర కూడా రహీం సాబే ఇచ్చారు. ఆ అద్దె సైకిలు దారి 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ దాకా వెళ్లింది. ఆ పోటీల్లో భారత జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. ఇరవయ్యో ఏట బలరాం ఆ జట్టులో ఉన్నారు.

తరవాత కలకత్తా, ఈస్ట్ బెంగాల్ క్లబ్. 1961లో ఆయన కెప్టెన్‌గా ఉండగా, దాదాపు పదేళ్ల ఎదురుచూపు తరవాత ఆ క్లబ్ కలకత్తా లీగ్ గెలిచింది. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో థాయ్‌లాండ్ మీద ఒక గోల్, జపాన్ మీద ఒక గోల్ కొట్టారు. ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి భారత్ స్వర్ణం గెలిచింది. ఆ ఏడాదే అర్జున అవార్డు వచ్చింది.

ఈ విజయాలకన్నా నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేవి 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఆయన కొట్టిన రెండు గోల్స్. హంగెరీతో ఆటలో భారత్ అప్పటికే రెండు గోల్స్ వెనకబడి ఉంది. ఆట చివరికొస్తుండగా బలరాం ఒకటి కొట్టారు. 2-1తో ఓడిపోయాం. పెరూతో ఆటలో మూడు గోల్స్ వెనకబడ్డాం. ఇక నిమిషాలే మిగిలాయి. అప్పుడు కూడా ఒకటి కొట్టారు. 3-1తో ఓడిపోయాం. ఆ రెండు గోల్స్ వల్ల ఏ ఫలితమూ మారలేదు, ఏ పతకమూ రాలేదు. కాళ్లు బరువెక్కి, ఓటమి ఖాయమని మైదానంలో అందరికీ తెలిసిపోయాక ఒకడు ఇంకా బంతి కోసం ఖాళీ వెతుకుతున్నాడంటే, అతనికి ఆట మీద ఉన్న ప్రేమ స్కోరు చూసుకుని పుట్టింది కాదు.

ఆ ప్రేమకు ఆయువు తక్కువైంది. 1963లో ఊపిరితిత్తుల జబ్బు చేసింది. ఆట మానెయ్యమన్నారు వైద్యులు. అప్పటికి ఆయనకు ఇరవై ఏడేళ్లు కూడా నిండీ నిండలేదు. ఆ జూన్‌లోనే రహీం సాబ్ క్యాన్సర్‌తో కన్నుమూశారు. ఒకే ఏడాదిలో ఆటా పోయింది, ఆటలోకి తెచ్చిన మనిషీ పోయాడు. అక్కణ్నుంచి మరో అరవై ఏళ్లు బతికారు బలరాం. రైల్వే ఉద్యోగం చేశారు. కుర్రాళ్లకు ఆట నేర్పారు. పెళ్లి చేసుకోలేదు. హుగ్లీ ఒడ్డున ఉత్తర్‌పాడాలో ఒంటరిగా ఉండిపోయారు.

ఆ అరవై ఏళ్లలో పి.కె.కు పద్మశ్రీ వచ్చింది, చునీకి వచ్చింది. బలరాంకు రాలేదు. ఆ బాధ ఆయన దాచుకోలేదు. అడిగినవాళ్లకు నొచ్చుకుంటూనే చెప్పారు.

ఇలాంటి మాట వినగానే మనకు చటుక్కున నోటికొచ్చే సలహా ఒకటుంది: పని చెయ్యడం వరకే మన వంతు, ఫలం ఆశించకూడదు. మాట గొప్పదే, సందేహం లేదు. కానీ ఎవరు ఎవరికి చెబుతున్నారన్నదే అసలు సంగతి. గీతలో ఆ మాట కృష్ణుడు యుద్ధానికి ముందు, పని మొదలుపెట్టవలసినవాడికి చెప్పాడు. పని ముగించి చెమట తుడుచుకుంటున్నవాడి కూలి ఎగ్గొట్టడానికి చెప్పలేదు. మనం మాత్రం దాన్ని ఎక్కువగా రెండో పనికే వాడతాం. ఇంటిల్లిపాదికీ వండిపెట్టి చివర్న తినే అమ్మకు ఒక మంచిమాట చెప్పాలని తోచదు, పైగా ‘ఆవిడ పొగడ్తలు కోరుకోదు’ అని గర్వంగా చెప్పుకుంటాం. పదవీ విరమణ రోజున శాలువా కప్పి, మర్నాటి నుంచి ఆ గుమాస్తా ఫోను ఎత్తం. ఆయన నొచ్చుకున్నాడని తెలిస్తే, ఇంత వయసొచ్చినా మమకారం పోలేదంటాం.

ఫలం మీద ఆశ వదులుకోవడం ఎవరికి వారు చెప్పుకోవలసిన మాట. ఎదుటివాడికి చెప్పామా, అది వైరాగ్యం కాదు, బాకీ ఎగవెయ్యడం. బలరాం తన వంతు మాట ఎప్పుడో నిలబెట్టుకున్నారు. రోమ్‌లో కొట్టిన ఆ రెండు గోల్సే సాక్ష్యం. ఫలం లేదని తెలిసి కూడా చెయ్యవలసింది చేశారు. అలా చేసిన మనిషి ముసలితనంలో ‘నన్ను మరిచిపోయారు’ అని నొచ్చుకుంటే, మొదటి గుణానికి అదేమీ మచ్చ కాదు. రెండూ ఒకే గుండెలో ఉండగలవు. నొచ్చుకోని మహనీయుణ్ని మాత్రమే గౌరవిస్తామనడం, మనకు ఇబ్బంది కలిగించనివాణ్నే గౌరవిస్తామనడమే.

బాగా బతకడమంటే పని చేసేటప్పుడు మెప్పు వైపు చూడకపోవడం ఒక సగం. ఇతరుల పని చూసినప్పుడు మెప్పు దాచుకోకపోవడం రెండో సగం. మొదటిదానికి మనలో బోలెడు బోధలున్నాయి. రెండోదానికి బోధ అక్కర్లేదు, కాస్త త్వరపడితే చాలు. బలరాం 2023 ఫిబ్రవరిలో కన్నుమూశారు. రహీం సాబ్ కథతో, ఆనాటి జట్టు కథతో తీసిన ‘మైదాన్’ సినిమా 2024 ఏప్రిల్‌లో హాళ్లకు వచ్చింది. థియేటర్లలో కొత్త తరం ఆ పేరు విని ఎవరీ బలరాం అని వెతుక్కునే వేళకు, చెప్పడానికి ఆయన లేరు. మనకు తెలిసిన మూడో పేరువాళ్లు ఇంకా ఎందరో ఉన్నారు. మనకు అక్షరాలు దిద్దించినవారు, మొదటి ఉద్యోగంలో పని నేర్పినవారు, సైకిలు అద్దె ఇచ్చినవారు. వాళ్లకు చెప్పవలసిన మాట వాళ్లు వినగలిగినప్పుడే చెప్పాలి. సంతాపసభలో మనం ఎంత బాగా మాట్లాడినా, అది వాళ్లకు చేరదు.