కైంకర్యమునకు తగిన కాయము

అలిపిరిలో పాదాలమండపము వద్ద అనుదినము కానవచ్చు దృశ్యమొకటి కలదు. కాలినడకన కొండనెక్కు భక్తులు శ్రీవారి పాదరక్షలను శిరస్సున దాల్చి ప్రదక్షిణ మొనర్చి, సాష్టాంగముగ ప్రణమిల్లి, మెట్లకు పసుపు కుంకుమలు పెట్టి గోవిందనామముతో నడక సాగింతురు. ఆ భక్తులలో 52 ఏండ్ల గృహస్థునొకని తలచుకొందము. ఇట్టివారు ప్రతి యూరను కలరు గనుక పేరుతో పనిలేదు. రక్తములో చక్కెర పెరిగినదని వైద్యుడు హెచ్చరింపగా ఆతడు ఏడాదిపాటు రాత్రి భోజనమును మాని, 82 కిలోల దేహమును 70 కిలోలకు దించినాడు. చొక్కాలు వదులైనవి. చూచినవారెల్ల మెచ్చుకొనిరి. ఆ సంతోషములో, తిరుమలకు నడచి వచ్చి ఆలయమున అంగప్రదక్షిణము చేసెదనని మ్రొక్కుకొనెను.

పాదాలమండపము వద్ద నేలపై సాగిలపడినవాడు తనంత తాను లేవలేకపోయెను. కుమారుడు చేయి అందింపవలసి వచ్చెను. అలిపిరి మార్గమున మెట్లు సుమారు 3,550. నడక దాదాపు 9 కిలోమీటర్లు. గాలిగోపురము చేరునప్పటికే ఆతని తొడలు వణకజొచ్చెను. అవతల చదునైన బాటలో కొంత కోలుకొన్నను, మోకాళ్లమెట్టు వద్ద మరల పది మెట్లకొకసారి కూర్చుండెను. ఎట్టకేలకు కొండ చేరెను గాని, మరునాటి వేకువను పుష్కరిణిలో మునిగి తడిబట్టలతో ఆలయ ప్రాంగణమున పొరలుటకు ఆ దేహమునకు శక్తి చాలలేదు. బరువు తగ్గినది; మ్రొక్కు మిగిలిపోయినది.

ఆతడు పోగొట్టుకొన్నదేమి? కొవ్వు మాత్రమే కాదు. ఆహారమును తగ్గించుటయే తప్ప అవయవములకు పని కల్పింపనిచో, కరగు బరువులో కొవ్వుతోపాటు కండరమును కొంత పోవునని వైద్యశాస్త్రము తెలుపుచున్నది. 30 ఏండ్లు దాటిన పిదప ప్రతి పదేండ్లకు కండరము నూటికి 3 మొదలు 8 పాళ్ల వరకు తరుగునని వైద్యుల అంచనా. 60 దాటిన పిమ్మట ఈ తరుగుదల ఇంకను వేగిరపడును. భోజనానంతరము రక్తములోనికి చేరు చక్కెరలో అధికభాగమును స్వీకరించునది కండరమే. కావున కండరము క్షీణించినవాడు సన్ననివాడైనను చక్కెర వ్యాధి భయము నుండి పూర్తిగ తప్పించుకొన్నవాడు కాడు. తక్కెడ బరువెంతో చెప్పును. ఆ బరువు దేనిదో చెప్పదు.

మన పూర్వులకు ఈ భేదము తెలియనిది కాదు. చరకసంహిత వ్యాయామమును నిర్వచించుచు, దేహమునకు స్థైర్యమును బలమును చేకూర్చు చేష్టయే వ్యాయామమనినది. దాని ఫలములలో లాఘవమును, అనగా దేహము తేలికపడుటను, తొలుత పేర్కొన్నను అంతటితో ఆగక పనిచేయు సామర్థ్యమును, స్థిరత్వమును, కష్టము నోర్చు గుణమును వెంటనే చేర్చినది. నేటివారు మొదటి మాట విని, తక్కినవి వినకముందే లేచిపోవుచున్నారు.

వైష్ణవునకు ఈ విషయము మరింత లోతైనది. పాంచరాత్రాగమము భగవంతుని షడ్గుణములను జ్ఞానము, శక్తి, బలము, ఐశ్వర్యము, వీర్యము, తేజస్సు అని లెక్కించును. ఇందు బలమనగా, జగత్తులను సృజించుచున్నను అలసట లేకుండుటయని అహిర్బుధ్న్యసంహిత వివరణము. స్థూలదేహము బలము కాదు, కృశదేహమును బలము కాదు. భారము వహించియు డస్సిపోకుండుట బలము. ఈ గుణము సంకర్షణమూర్తియందు విశేషముగ ప్రకాశించుననియు ఆగమము చెప్పుచున్నది. ఆదిశేషుని సంకర్షణ స్వరూపునిగ పురాణములు కీర్తించినవి. ఆ శేషుడే ఈ శేషాచలమని భక్తుల విశ్వాసము. కొండనెక్కువాడు బలస్వరూపుని పైననే అడుగులు వేయుచున్నాడు గదా!

ఇచట ఒక పొరపాటును తొలగించుకొనవలెను. ఆత్మ బలహీనునకు లభింపదను ముండకోపనిషత్తు మాటను కండబలమునకు ప్రమాణముగ చూపువారు కలరు. భగవద్రామానుజులు శ్రీభాష్యమున భక్తికి సాధనములైన ఏడింటిని, వివేకము, విమోకము, అభ్యాసము, క్రియ, కల్యాణము, అనవసాదము, అనుద్ధర్షము అని, వివరించుచు ఆ శ్రుతిని అనవసాదమునకు ప్రమాణముగ గ్రహించిరి. అనవసాదమనగా దైన్యముచేత మనస్సు క్రుంగకుండుట. కనుక అచ్చటి బలము మనోబలమే. అయినను నడివయస్సున దేహము, మనస్సు విడివిడిగ క్రుంగుట అరుదు. ఇక నావల్ల కాదను మాటను మొదట మోకాలు పలుకును. పిదప మనస్సు నేర్చుకొనును. ఆ ఏడింటిలోనే క్రియ యనగా పంచమహాయజ్ఞాదులను శక్తికొలది అనుష్ఠించుట. శక్తికొలది యనుట ఆచార్యుల దయ. ఉన్న శక్తిని పోషింపక పోగొట్టుకొని, ఉన్నంతలో చేసితినని సరిపెట్టుకొనుటకు ఆ దయను వాడుకొనరాదు.

శక్తితో కూడిన కైంకర్యమెట్టిదో తిరుమలనంబి చరిత్రము చూపుచున్నది. ఆయన శ్రీరామానుజులకు మేనమామ, రామాయణ రహస్యములను బోధించిన ఆచార్యుడు. శ్రీవారి అభిషేకమునకై నిత్యము పాపవినాశనము నుండి కుండతో జలమును మోసికొని వచ్చుట ఆయన వ్రతము. కొండదారి, నీటికుండ, వార్ధక్యము. ఒకనాడు వేటగాని రూపమున స్వామియే ఎదురై, "తాతా, దాహము" అని అడిగెను. అభిషేకజలమును ఈయనని నంబి ముందుకు సాగగా, ఆ వేటగాడు వెనుకనుండి కుండకు రంధ్రము చేసి నీరు త్రాగివేసెను. నంబి దుఃఖించెను. ఇంత ప్రొద్దెక్కినాక మరల పాపవినాశనమునకు పోయి వచ్చుట యెట్లు? అపుడా వేటగాడు బాణమును సంధించి కొండను కొట్టగా నీరు పెల్లుబికెను. అదియే ఆకాశగంగ యని ఐతిహ్యము. నాటినుండి అభిషేకజలము అచ్చటినుండియే వచ్చుచున్నది.

ఈ కథలో తరచు గమనింపని విషయమొకటి కలదు. స్వామి దూరమును తగ్గించెను గాని కుండను దింపలేదు. తాతా యని పిలిచినవాడు, ఇక విశ్రమింపుమని మాత్రము అనలేదు. మోయుట నంబికి భారము కాదు, భాగ్యమని ఆయనకు తెలియును. ఆ భాగ్యమును వార్ధక్యమున అనుభవించిన మెడయు, వెన్నును, తొడలును ఒక్క రాత్రిలో ఏర్పడినవి కావు.

ఒకప్పుడు ప్రతి యింటను ఇట్టి కుండ ఉండెడిది. బావిలో చేద, చంకన బిందె, తిరుగలి, రోకలి. ఇపుడు కుళాయియు మిక్సీయు వచ్చినవి. వానిని నిందించుట తగదు. తిరుగలి త్రిప్పి త్రిప్పి భుజములు పట్టివేసిన తల్లులెందరో కలరు. అయినను యంత్రము తీసికొనిపోయిన పనిని మరియొక రూపమున దేహమునకు తిరిగి ఈయవలెను. స్త్రీలకిది మరింత అవసరము. ఋతుక్రమము ఆగిన పిదప ఎముకలు వేగముగ పలుచబడును; బరువునెత్తు పని ఎముకకును గట్టిదనము నిచ్చును.

తినుటయందును విచారణ కావలెను. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో వెలువరించిన ప్రమాణము ననుసరించి, వయోజనునకు దేహపు బరువు కిలో ఒక్కింటికి దినమునకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావలెను. 70 కిలోలవానికి దాదాపు 58 గ్రాములు. శాకాహార గృహములలో ఇది అసాధ్యము కాదు గాని, అన్నము కొండవలె పెట్టుకొని పప్పును తిలకమువలె దిద్దుకొన్న విస్తరిలో దొరకదు. కందిపప్పు, పెసరపప్పు, సెనగల గుగ్గిళ్లు, వేరుసెనగలు, నువ్వులు, పాలు, పెరుగు. ఇవి పెరిగి అన్నము తరుగవలెను. అందరికిని వడ్డించి చివర కూర్చుండు ఇల్లాలికి పప్పుగిన్నెలో అడుగు మాత్రమే మిగులుట ఎన్ని యిండ్లలో లేదు? ఆ గిన్నె ఆమె వద్దకు ముందుగ చేరవలెను. పులిహోర, చక్కెరపొంగలి ప్రసాదబుద్ధితో కొంచెము స్వీకరింపవలసినవి.

ఏకాదశి నాటి ఉపవాసమును ఎవరును కాదనరు. ఉపవాసమనగా భగవంతుని సమీపమున వసించుట. తక్కెడ సమీపమున వసించుట కాదు. అధికముగ తినువానికిని, ఏమియు తిననివానికిని యోగము కుదరదని గీత ఆరవ అధ్యాయమున స్వామి చెప్పినాడు. దేహమును నిష్కారణముగ శోషింపజేయువారు లోనున్న తన్నును బాధించుచున్నారని పదునేడవ అధ్యాయమున మరింత కఠినముగ పలికినాడు. చిదచిత్తులు రెండును భగవంతుని శరీరమని నమ్మిన సంప్రదాయమున పుట్టి, తన దేహము తన సొత్తే యైనట్లు ఎండగట్టుటకు ఎవరికి అధికారము?

ఇక అభ్యాసము. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో, వారమునకు 150 మొదలు 300 నిమిషముల వరకు ఓ మోస్తరు శ్రమయు, దానితోపాటు కనీసము రెండు దినములు కండరములను బలపరచు పనియు వయోజనులకు అవసరమని చెప్పినది. నడచువారు పెక్కురు కలరు. రెండవ భాగమును పాటించువారే అరుదు. దానికి గొప్ప పరికరములు అక్కరలేదు. ఎత్తుపీటపై కూర్చుండి చేతి ఊత లేకుండ లేచుట, బడిలో శిక్షగా తీసిన గుంజీళ్లనే ఇపుడు ఇష్టముతో తీయుట, గోడకు చేతులానించి దండీలు, రెండు చేతుల రెండు చిన్న బిందెలతో పెరటిలో నడక. కేశవాది ద్వాదశనామములను పలుకుచు, నామమున కొకమారు పురుషులు సాష్టాంగపడి లేచినను, స్త్రీలు పీటపై కూర్చుండి లేచినను పూజయు సాగును, తొడలకు పనియు కలుగును. బలములో సగము వరకే వ్యాయామము చేయవలెనని సుశ్రుతుని నియమము. నుదుట చెమట పట్టి నోటితో శ్వాస వచ్చినచో ఆగవలెను. సులువైన పిదప కొంచెము పెంచవలెను. గుండెజబ్బు, రక్తపుపోటు కలవారును, చక్కెరకు మందులు వాడువారును వైద్యుని అడిగియే ప్రారంభింపవలెను, కొండనెక్కుటకును అట్లే.

ఆ గృహస్థుడు రాత్రి భోజనమును మరల ప్రారంభించెను, అన్నము తక్కువ, పప్పు ఎక్కువ. మొదటి మాసమున మూడు నామములతోనే రొప్పెను. భార్యయు ప్రక్కన పీట వేసికొనెను. పండ్రెండు నామములు పూర్తియగుటకు అయిదు మాసములు పట్టెను. మరుసటి యేడు పాదాలమండపము వద్ద సాగిలపడినపుడు కుమారుడు అలవాటుగ చేయి చాచెను. తండ్రి అప్పటికే లేచి నిలుచుండెను. మోకాళ్లమెట్టు వద్ద మూడుమార్లు ఆగినాడు. వేకువను పుష్కరిణిలో మునిగి అంగప్రదక్షిణము ముగించి, తడిబట్టలతో విమానమునకు చేతులు జోడించినాడు. ఇంటికి వచ్చి తూచుకొనగా 72 కిలోలు, నిరుటికంటె రెండు ఎక్కువ.