డిక్కీ ఎవరు తెరిచారు?

ఆటోనగర్‌లో కష్టానికి డబ్బివ్వరు, మార్చిన పార్టుకి ఇస్తారు. పాత లాక్ ఊడబెరికి చేతిలో పెట్టి, కొత్తది డబ్బాలోంచి తీసి చూపిస్తే బేరం సాఫీగా సాగుతుంది. పెద్దగా ఏమీ మార్చకుండా బండి బాగుచేశామా, ఇక గొడవే. "ఏం వేశావని ఇంత అడుగుతున్నావయ్యా?" అంటారు. ఆ ప్రశ్నని నేను తేలిగ్గా తీసెయ్యను. మా నాన్నగారు సంస్కృత పాఠశాలలో తర్కం చెప్పేవారు. నేను విజయవాడలో బళ్ళకి వైరింగు చేస్తాను. కానీ ఇద్దరం కొట్టుకుంది ఆ ప్రశ్నమీదే.

ఆమధ్య శ్రావణమాసంలో ఒక పెద్ద బండి వచ్చింది. అన్నవరంలో వ్రతానికి బయల్దేరిన కుటుంబం. పీటల మీద కూర్చునేవాళ్ళ పట్టుబట్టలన్నీ వెనక డిక్కీలో ఉన్నాయి. డిక్కీ రాదు. బండి ముందు నిమ్మకాయా మిరపకాయలూ వేలాడుతూనే ఉన్నాయి. "వినాయకుడికి కొబ్బరికాయ కొట్టకుండా బయల్దేరితే ఇంతే" అని మామ్మగారు కొడుకుని దులిపేస్తున్నారు.

ఈ కాలపు బళ్ళలో చాలావాటికి డిక్కీ హ్యాండిల్ వెనక లాగే తీగ ఉండదు. నంబరు ప్లేటు పైన రబ్బరు బటన్ ఉంటుంది. అది నొక్కితే కంట్రోల్ యూనిట్‌కి కబురు వెళ్తుంది, అక్కణ్ణుంచి లాక్‌లోని బుల్లి మోటారుకి 12 వోల్టుల కరెంటు వస్తుంది, మోటారు కొక్కేన్ని వదిలిస్తుంది. నేను తలుపుకి చెవి ఆనించి బటన్ నొక్కించాను. చప్పుడు వచ్చి తలుపు రాకపోతే తప్పు కొక్కెంలో ఉన్నట్టు. ఇక్కడ చప్పుడే లేదు. నంబరు ప్లేటు లైటూ వెలగడం లేదు, వెనక వైపరూ కదలడం లేదు. మూడూ కూడబలుక్కుని చావవు. మూడింటికీ వైర్లు వెళ్ళే దారి మాత్రం ఒకటే: పైన కీలు పక్కన, బాడీలోంచి తలుపులోకి వెళ్ళే మడతల రబ్బరు గొట్టం.

వెనక సీట్లు మడిచి, సామాను మీంచి పాక్కుంటూ లోపలికి వెళ్ళాను. తలుపు లోపలి ప్యానెల్‌కి ఉన్న చిన్న మూత తీసి, స్క్రూడ్రైవరుతో లాక్ మీట పక్కకి నెట్టాను. టక్‌మంది. గ్యాస్ రాడ్లు తలుపుని పైకెత్తేశాయి. తర్వాత రబ్బరు గొట్టం జరిపి చూస్తే లోపలి వైర్లు పైకి నిక్షేపంగా ఉన్నాయి. ఒక్కొక్కటీ రెండువేళ్ళతో పట్టి మెల్లగా లాగాను. మంచి వైరు బిర్రుగా నిలబడుతుంది. తెగిన వైరు జీడిపాకంలా సాగుతుంది. తలుపు ఎత్తి దించినప్పుడల్లా అక్కడే వంగి వంగి లోపలి రాగి పోగులు తెగిపోతాయి, పైతొడుగు మాత్రం చెక్కుచెదరదు. తెగిన చోట్ల మెత్తటి వైరు ముక్కలు కలిపి, టంకం వేసి, స్లీవులు తొడిగాను. మామ్మగారు "అంతా సత్యదేవుడి దయ" అన్నారు. కొడుకు "జానెడు వైరుకి ఇంతా?" అన్నాడు.

సరే, డిక్కీ తెరిచింది ఎవరు? ఎత్తింది గ్యాస్ రాడ్లు. నేను అడ్డు తీశానంతే. అడ్డు తీయడం పని కిందకి వస్తుందా?

ఈ ప్రశ్న తర్కంలో పాతదే. అరచెయ్యి నిప్పుకి తగిలితే కాలాలి. అడ్డుపడే మణి దగ్గరుంటే కాలదని పాత పండితుల ఉదాహరణ. (అలాంటి మణి ఎక్కడుందని నాన్నగారిని అడిగితే, వాదం కోసం ఒప్పుకోరా అనేవారు.) ఎందుకు కాలలేదు? నిప్పులో శక్తి అని ఒకటి విడిగా ఉంది, మణి దాన్ని పోగొడుతుంది, మణి తీస్తే మళ్ళీ పుడుతుంది అన్నారు మీమాంసకులు. అంత హంగామా ఎందుకు, అడ్డు లేకపోవడం కూడా కారణాల్లో ఒకటి అనుకుంటే సరిపోతుంది కదా అన్నారు నైయాయికులు, అంటే తార్కికులు. న్యాయకుసుమాంజలిలో ఉదయనుడిదీ, తర్కసంగ్రహానికి తానే రాసుకున్న దీపికలో మన తెలుగువాడు అన్నంభట్టుదీ ఇదే పక్షం. పైగా అడ్డు ఉండగానే పని జరిపించే ఇంకో మణి కూడా వాళ్ళ లెక్కలో ఉంది. మా భాషలో అది బ్యాటరీ నుంచి డైరెక్ట్ సప్లై ఇవ్వడం. తెగిన వైరు తెగినట్టే ఉంటుంది, లాక్ మాత్రం పనిచేస్తుంది.

యోగసూత్రాల నాలుగో పాదంలో పతంజలి మరోలా చెప్పాడు. రైతు నీళ్ళని మోసుకెళ్ళడు, గట్టు తెంచుతాడు, నీళ్ళు వాటంతటవే పారతాయి. అంటే అడ్డు తీసినవాడు నడిపించినవాడు కాడు. కృష్ణా డెల్టాలో ఈ మాట వింటే ఎవరూ కాదనరు, నీరు పల్లమెరుగు. కానీ వేళకి మడవ తీసే మనిషి లేక ఎండిన చేనునీ ఇక్కడివాళ్ళు చూశారు. నేను నైయాయికుల వైపే. కూలీ అడిగేవాణ్ణి, వేరే వైపు ఉండలేను.

ఇక మామ్మగారి మాట. దాన్నీ తార్కికులు వదల్లేదు. దీపిక మొదట్లోనే ఈ చర్చ ఉంది: గ్రంథం మొదట దేవుణ్ణి తలిస్తే గ్రంథం పూర్తవుతుందా? మంగళం చేసినా ఉదయనుడి కిరణావళి పూర్తి కాలేదు. మంగళం లేని పుస్తకాలు పూర్తయ్యాయి. దానికి జవాబు ఏమిటంటే, మొదటిదానికి విఘ్నాలు మరీ ఎక్కువట, రెండోవాటికి పుస్తకం బయట మంగళం చేశారట. చిన్నప్పుడు నవ్వాను. ఇప్పుడూ నవ్వొస్తుంది. అలాంటి జవాబు షెడ్డులో చెబితే మళ్ళీ ఎవరూ బండి తీసుకురారు. తొడుగులో తెగిన రాగి నాకూ కనిపించదు, కానీ లాగి చూస్తే తెలుస్తుంది. కనిపించని విఘ్నానికి అలాంటి పరీక్ష లేదు.

అయితే నవ్యనైయాయికుల పక్షం ఒకటుంది, అది నాకు నచ్చుతుంది. మంగళం విఘ్నాన్ని మాత్రమే పోగొడుతుంది, పని పూర్తయ్యేది బుద్ధీ ప్రతిభా లాంటి దాని కారణాల వల్లే అంటారు వాళ్ళు. ఈ లెక్కన విఘ్నేశ్వరుడిదీ నాదీ ఒకటే వృత్తి. కొబ్బరికాయ తప్పకుండా కొట్టండి. రాగి తీగని అతికించే పని మాత్రం ఆయనకి ఎవరూ అప్పజెప్పలేదు, తార్కికులు కూడా.

మీకో మాట. మీ బండికి డిక్కీ లోపల అత్యవసర మీట ఉందో లేదో, ఉంటే ఆ మూత ఎక్కడుందో, బండితో ఇచ్చిన పుస్తకంలో ఇవాళే చూసుకోండి. నంబరు ప్లేటు లైటు, వెనక వైపరు కలిసి ఆగిపోతే డిక్కీ బిగుసుకునేదాకా ఆగకుండా ఆ రబ్బరు గొట్టం విప్పించండి. ఏ పార్టూ మార్చకుండా బాగుచేసిన మెకానిక్‌కి అడిగినంత ఇచ్చెయ్యండి.