రోగి వలదన్నప్పుడు

వాక్యభాగములు: 2 రాజులు 5:9-14, యోహాను 5:1-9

బేతెస్ద కోనేటి యొద్ద 38 ఏండ్లనుండి వ్యాధితో పడియున్న మనుష్యుని చూచినప్పుడు మన ప్రభువు వెంటనే అతనిని లేవనెత్తలేదు. స్వస్థత పొందుటకు అతనికి మనసున్నదో లేదో ముందుగా అతనినే అడిగెను. అన్ని ఏండ్లు బాధపడినవానిని ఇట్లు అడుగనేల యని మనకు తోచవచ్చును. అయితే సర్వశక్తిగల వైద్యుడే రోగి సమ్మతిని అడిగినయెడల, అల్పశక్తిగల మనము అడుగకుండుట ఎట్లు న్యాయమగును? రోగి తనకు ఈ చికిత్స వలదని చెప్పినప్పుడు వైద్యుడును, బంధువులును, సంఘమును ఏమి చేయవలెను? ఇది ఆసుపత్రులకు మాత్రమే చెందిన ప్రశ్న కాదు. నేడో రేపో మన యిండ్లలోనికి వచ్చునట్టిది.

ఈ ప్రశ్న ఎంత కఠినమైనదో ఒక నగర చరిత్ర మనకు చూపుచున్నది. గుజరాతు రాష్ట్రమందలి సూరతులో కతర్‌గామ్ అను ప్రాంతము కలదు. వజ్రములకు సానబట్టు కార్ఖానాలకును, బట్టల పరిశ్రమకును అది పేరుపొందినది. సూరతు మరమగ్గములపై పనిచేయుటకు మన తెలంగాణ జిల్లాలనుండియు అనేక నేత కుటుంబములు తరలిపోయినవి. 1994 సెప్టెంబరులో ఆ నగరమున ఊపిరితిత్తుల ప్లేగు పుట్టినదను వార్త వ్యాపించెను. తొలుత రోగులుగా గుర్తింపబడినవారిలో అనేకులు కతర్‌గామ్ వైపునగల వేడ్ రోడ్డు కార్మికవాడలవారే. కొద్ది దినములలో లక్షలాదిమంది రైళ్లలోను బస్సులలోను నగరమును విడిచిపోయిరి. ఆసుపత్రిలో చేర్చబడినవారిలో కొందరు చికిత్స ముగియకమునుపే తప్పించుకొనిపోగా, మిగిలినవారిని ఆపుటకై సాయుధ బలగములను కాపలా పెట్టవలసివచ్చెను. ప్రైవేటు వైద్యులు సహితము అనేకులు తలుపులు మూసి వెళ్లిరి. ఆ సంవత్సరము దేశములో ఈ వ్యాధివలన 50 మందికి పైగా మరణించిరి.

టెట్రాసైక్లిను వంటి మందు సకాలములో ఇచ్చినయెడల నయమగు వ్యాధి అది. మందు లేనియెడల దాదాపుగా ప్రాణాంతకము. ఇట్టి స్థితిలో మంచముమీదనుండి లేచి వెళ్లిపోవుటకు రోగికి హక్కున్నదా? ఈ ప్రశ్నకు ఒక్క మాటలో ఉత్తరమీయజాలము. నిరాకరణలన్నియు ఒక్క తీరువి కావు గనుక, వాటిని వేరువేరుగా పరిశీలింతము.

మొదటిది, తన దేహమునకు మాత్రమే సంబంధించిన నిరాకరణ. పరీక్షకొరకు ఇచ్చిన సమ్మతి శస్త్రచికిత్సకు సమ్మతి కాదనియు, ప్రాణాపాయము లేనప్పుడు రోగికి తెలియజెప్పి అనుమతి పొందవలెననియు మన సుప్రీంకోర్టు 2008లో తీర్పు చెప్పెను. 2018 మార్చి 9న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము, గౌరవముతో మరణించుటయు జీవించు హక్కులోని భాగమేయని పలికి, కోలుకొను ఆశ లేనప్పుడు యంత్రములు వలదని మనుష్యుడు ముందుగానే వ్రాసియుంచవచ్చునని అనుమతించెను. 2023లో ఆ పద్ధతి సులభము చేయబడెను. ఇప్పుడు నోటరీ లేక గెజిటెడ్ అధికారి ఎదుట దానిని ధ్రువీకరించిన చాలును. అయితే సూదిమందువేసి ప్రాణము తీయుట నేటికిని నేరమే.

క్రైస్తవుడు దీనిని ఎట్లు గ్రహింపవలెను? మన దేహము మన సొత్తు కాదని అపొస్తలుడు కొరింథీయులకు బోధించెను. దానినిబట్టి కొందరు రోగికి కాదను హక్కే లేదందురు. కాని దేహము దేవుని సొత్తని చెప్పుట, అది వైద్యుని సొత్తని చెప్పుట కాదు. సిలువయొద్ద మత్తు కలిగించు ద్రాక్షారసము ఇయ్యబడినప్పుడు ప్రభువు దానిని పుచ్చుకొనలేదు (మార్కు 15:23). కాన్సరు ముదిరిన వృద్ధుడొకడు ఇక శ్వాసయంత్రము వలదు, ఇంటివారి మధ్య ప్రార్థనలో కన్నుమూయుదునని కోరినయెడల, అతడు ఆత్మహత్య చేసికొనుట లేదు. మరణమును పిలుచుట వేరు, వచ్చిన మరణమునకు త్రోవ విడుచుట వేరు.

ఈ భేదము ఎల్లప్పుడు సులభముగా కనబడదు. 2004లో హైదరాబాదునందు కండరములు క్షీణించు వ్యాధితోనున్న ఒక యువకుడు, తన అవయవములు పరులకు పనికివచ్చుచుండగానే తన్ను యంత్రమునుండి తప్పించవలెనని కోరెను. అతని తల్లి హైకోర్టును వేడుకొనెను. న్యాయస్థానము అంగీకరింపలేదు, కొద్ది దినములలోనే అతడు మరణించెను. ఆ కోరికలో గొప్ప ప్రేమయున్నది. అయినను పరులకు మేలు కలుగుననియు ఒక ప్రాణమును ముందుగా ముగింపవచ్చునని ఒప్పుకొన్నయెడల, రేపు బలహీనుల ప్రాణములకు వెల కట్టువారు బయలుదేరుదురు. అతని ప్రేమను గౌరవించుచునే ఆ హద్దును కాపాడుకొనవలసియున్నది.

రెండవది, పొరుగువానికి హాని కలిగించు నిరాకరణ. మనలో ఎవడును తనకొరకే బ్రదుకుటలేదని పౌలు రోమీయులకు వ్రాసెను. లేవీయకాండము 13వ అధ్యాయములో కుష్ఠరోగి పాళెము వెలుపల నివసింపవలెనని విధింపబడినది. ప్లేగు సోకినవాడు మందు వలదనవచ్చునేమో గాని, రైలెక్కి పదిమందిమధ్య కూర్చుండుటకు అతనికి హక్కులేదు. క్షయరోగి ఆరు నెలలు మింగవలసిన మందును రెండు నెలలకే మానినయెడల, మందుకు లొంగని వ్యాధిని తన బిడ్డలకు అంటించు ప్రమాదమున్నది. స్వాతంత్ర్యము పొరుగువాని ఊపిరియొద్ద ఆగవలెను.

అయితే బలవంతమునకును హద్దు కలదు. బొంబాయి ప్లేగు పిదప 1897లో అంటువ్యాధుల చట్టము చేయబడెను. అదే సంవత్సరము పూనాలో సైనికులు ఇండ్లలో జొరబడి సోదాచేసిన తీరు ప్రజల మనస్సులను గాయపరచెను. ప్లేగు అధికారి రాండ్ హత్యకు గురియయ్యెను. ప్రేమలేని నిర్బంధము ద్వేషమును పుట్టించును. ప్రభువైతే పాళెము వెలుపలనున్న కుష్ఠరోగిని చేయిచాపి ముట్టెను. నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ వంటి మిషనరీ వైద్యులు కుష్ఠరోగులకై పాటుపడి, వెలివేయబడినవారికి ఆశ్రయమును చూపిరి. ఏకాంతవాసము తప్పనప్పుడు అది చెరసాల కాక ఇల్లు కావలెను.

మూడవది, నిరాకరణవలె కనబడు భయమును పేదరికమును. సూరతు ఆసుపత్రినుండి పారిపోయినవారు మందును ద్వేషించిరని చెప్పవచ్చునా? స్వగ్రామమునకు దూరముగా, తెలియని భాషలో, ఏమి జరుగుచున్నదో చెప్పువారు లేక, ఇక్కడనే చనిపోయిన తన శవమును ఎవరు తీసికొనిపోవుదురో యని కలతచెందు వలసకూలి పరుగెత్తక ఏమిచేయును? వైద్యులే పారిపోవుచుండగా రోగి నిలిచియుండవలెననుట ఏపాటి న్యాయము? మన ఊళ్లలోను అప్పునకు భయపడి, పొలము అమ్మవలసివచ్చునని బెదరి, తనకు ఆపరేషను వలదను తల్లులు ఎందరో కలరు. అట్టి మాటను హక్కుగా ఎంచి కాగితముమీద సంతకము తీసికొని పంపివేయుట గౌరవము కాదు, విడిచిపెట్టుట. సూరతులో భయమునకు తగిన ఉత్తరము కాపలావారి తుపాకులవలన రాలేదు. 1995లో నగర కమీషనరుగా వచ్చిన ఎస్.ఆర్.రావు కాలమున వీధులును మురుగుకాలువలును బాగుచేయబడి, నగరము రూపు మారెను.

నాలుగవది, విశ్వాసము పేరిట చేయు నిరాకరణ. దేవుడే బాగుచేయును, మందు ముట్టనను సహోదరులు మన సంఘములలో కలరు. హిజ్కియా పుండుమీద అంజూరపుముద్ద వేయుమని ప్రవక్తయే చెప్పెను, లూకా వైద్యుడు. గుంటూరులో అన్నా కూగ్లర్ మొదలైనవారు ఒక చేత సువార్తను, ఒక చేత మందును పట్టుకొనివచ్చిరి. పెద్దవాడు తన మట్టుకు తాను మానుకొనినయెడల అతనితో వాదించి, ప్రార్థించి, చివరకు అతని మనస్సాక్షిని దేవునికి అప్పగింపవలెను. కాని నోరెరుగని బిడ్డకు మందు నిరాకరించుటకు తలిదండ్రులకు అధికారము లేదు. తన విశ్వాసమునకు తన ప్రాణమును ఒడ్డవచ్చును. పరుని ప్రాణమును ఒడ్డరాదు.

నయమాను ఎలీషా చెప్పిన చికిత్సను కోపముతో తిరస్కరించి వెళ్లిపోయెను. ప్రవక్త అతని వెనుక భటులను పంపలేదు, వెళ్లనిచ్చెను. అయితే అతని దాసులు దగ్గరకు వచ్చి, తండ్రితో మాటలాడునట్లు మెల్లగా నచ్చజెప్పిరి. అతడు మనస్సు మార్చుకొని యొర్దానులో దిగెను. అతని స్వేచ్ఛ నిలిచెను, ప్రాణమును నిలిచెను.

ప్రియ చదువరులారా, మీ యింట రోగి వలదన్నప్పుడు మొదట ఎందుకని అడుగుడి. భయమైతే ధైర్యము చెప్పుడి. అప్పైతే సంఘమంతయు కలిసి మోయుడి. తెలియనితనమైతే వైద్యునిచేత తేటగా చెప్పించుడి. అన్నియు విని, ఎరిగి, నెమ్మదిగా వలదనినయెడల, ఆయన చేయి పట్టుకొని ప్రక్కనే కూర్చుండుడి. చికిత్స మానవచ్చును గాని పరిచర్య మానరాదు.