పెద్ద చిలుకకు కొత్త పాఠం

ఆఫ్రికన్ గ్రే చిలుక 40 ఏళ్లు దాటి కూడా బతకగలదు. అందుకే మధ్యలో ఇల్లు మారడం, మనుషులు మారడం దానికి తప్పదు. అలా పెద్ద వయసులో మనింటికొచ్చిన చిలుక వేలు చూపితే చాలు, కొరుకుతుంది. ఇక మాట వినదని తేల్చేస్తాం. వింటుంది, తొందరంతా మనదే.

కొరికినప్పుడు అరవకండి. మన కేక దానికి వినోదం! పంజరం బయట నుంచే చిన్న పుల్ల చూపండి. ముక్కుతో తాకగానే ఒక పొద్దుతిరుగుడు గింజ పెట్టండి. కొన్నాళ్లకు పుల్ల వెంట నడుస్తుంది, ఆ తర్వాత చేతి మీదికి ఎక్కుతుంది. పూటకు ఐదు నిమిషాలు చాలు. ఈకలు నిక్కబొడుచుకుంటే అక్కడితో ఆపేయండి.

అసలు భయం వంటింటితో. నాన్‌స్టిక్ పెనం బాగా వేడెక్కి మాడితే, ఆ పొగ మనకు తెలిసేలోపే చిలుక ప్రాణం తీస్తుంది. అవకాడో, చాక్లెట్ విషమే. పంజరం తలుపు తీసేముందు ఫ్యాను ఆపాలి, కిటికీలు మూయాలి.

అన్నట్టు, మన రామచిలుకను పెంచుకుందామంటే మాత్రం కుదరదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు. సంతలో అమ్మేవాడు "ఏం కాదండీ" అంటాడు, నమ్మకండి.